ఆపి ఉంచిన వ్యాన్‌లో ఏసీ చల్లబరచట్లేదు, 1.5 టన్నుకి మారాలా?

ఉప్పల్‌వ్యాన్ | మే 5, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు.

మాది 2017 ఫోర్స్ ట్రావెలర్. పోయినేడు ఆటోనగర్‌లో ఒక షెడ్డులో క్యాంపర్‌గా మార్పించాం. రెండు పడకలు, చిన్న వంటగట్టు, 1 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ. దాని బయటి యూనిట్ బండి వెనకాల ఇనుప పెట్టెలో ఉంటుంది. 200 ఏహెచ్ లిథియం బ్యాటరీలు రెండు, పైన 335 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు. బండిది ముదురు బూడిద రంగు. అది మా తమ్ముడి సెలక్షన్.

మొన్న ఆదివారం నాగార్జునసాగర్ వెళ్లాం. మధ్యాహ్నం ఒంటిగంటకి బండి ఆపి, ఏసీ 20లో పెట్టి, తిని పడుకుందామనుకున్నాం. గంటన్నర గడిచినా లోపల 34 కంటే దిగలేదు. మూడు గంటల్లో బ్యాటరీ 30 శాతానికి వచ్చేసింది. అమ్మకి బీపీ, టెన్షన్ ఎందుకని అందరం దిగి వేపచెట్టు కింద చాప పరుచుకున్నాం. లక్షలు పోసి చేయించిన బండి పక్కన చాప మీద పడుకోవడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

షెడ్డు ఆయనకి ఫోన్ చేస్తే "ఏసీ చిన్నదైంది సార్, టన్నున్నర వేద్దాం" అన్నాడు. వేయించమంటారా?

---

ఘాట్‌రోడ్డు | మే 5, రాత్రి 10:15

వద్దు. ఏసీనే వద్దంటాను. నేను ఆరేళ్లుగా వ్యాన్‌లో చిన్న ఎయిర్ కూలర్‌తో తిరుగుతున్నా. 60 వాట్లు తింటుంది, అంతే. మన వైపు ఏప్రిల్, మే గాలిలో తేమ ఎక్కడుంది? మా తాతగారింట్లో వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చిలకరించేవాళ్లు, మధ్యాహ్నం దుప్పటి కప్పుకునే వాళ్లం.

---

సోలార్‌పిన్ని | మే 5, రాత్రి 10:52

ఘాట్‌రోడ్డు గారూ, సగం ఒప్పుకుంటాను. బయట 40 డిగ్రీలుండి తేమ 20 శాతమే ఉంటే నీటి ఆవిరితో గాలిని ఎంత చల్లబరచినా 22, 23 వరకే దిగుతుంది. మామూలు కూలర్ అంత దాకా రాదు, 27, 28 ఇస్తుంది. అదీ గొప్పే. కానీ అదే కూలర్ని జూలైలో పెట్టండి, లేదా సూర్యలంక బీచ్‌కి తీసుకెళ్లండి. 35 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంటే 28 కిందకి దిగే దారే లేదు. పైగా దుప్పట్లు జిగురుగా అంటుకుంటాయి. కిటికీ తెరిచి లోపలి గాలిని బయటికి పోనివ్వకపోతే ఏప్రిల్‌లో కూడా అదే గతి.

ఉప్పల్ తమ్ముడూ, టన్నున్నర గురించి తర్వాత మాట్లాడదాం. ముందు ఓ చిన్న లెక్క చూడు. నీ బండి పైకప్పు సుమారు 15 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు అనుకుందాం. అంటే 8 చదరపు మీటర్ల పైమాటే. మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకి 1000 వాట్ల దగ్గర పడుతుంది. నీ కప్పు మీద 8 కిలోవాట్లు పడుతున్నాయి. 1 టన్ను ఏసీ బయటికి తోడగలిగేది 3.5 కిలోవాట్లు. ఆ ఎనిమిదీ లోపలికి రావనుకో, చాలా భాగం రేకు నుంచి గాలికే పోతుంది. కానీ ముదురు రంగు రేకు కింద ఏముందన్నదాన్ని బట్టి మిగతా కథ నడుస్తుంది. కప్పు లోపల ఏం వేయించావు?

---

ఉప్పల్‌వ్యాన్ | మే 6, ఉదయం 7:30

పిన్నిగారూ, బిల్లులో "ఇన్సులేషన్" అని ఒక్క మాటే ఉంది. నిన్న రాత్రి లైటు బిగించిన చోట ప్లైవుడ్ ఎత్తి చూశాను. వెండి రంగు బబుల్ ఫాయిల్, రేకుకి అంటించి, దాని మీద నేరుగా ప్లైవుడ్. అంతే.

---

డక్ట్‌మేస్త్రి | మే 6, మధ్యాహ్నం 1:20

బాలానగర్‌లో ఇరవై రెండేళ్లుగా ఏసీ పని చేస్తున్నా. ఫాయిల్ గురించి ఒక్క మాట చెప్తా అన్నా. ఆ మెరుపు ముఖానికి ఎదురుగా కనీసం ముప్పావు అంగుళం ఖాళీ ఉంటేనే అది వేడిని తిప్పికొడుతుంది. రేకుకి, ప్లైవుడ్‌కి మధ్య నలిపేస్తే అది ఉత్త ప్లాస్టిక్ సంచి. మీ బిల్లులో ఆ మాటకి ఎంత వేశారో నేను అడగను.

ఇప్పుడు అసలు సంగతి. రాణీగంజ్‌లో టెంపరేచర్ గన్ దొరుకుతుంది, కొనండి. ఎండలో బండి ఆపి గంట తర్వాత ఏసీ వేసి ఇవి కొలవండి: పైరేకు, లోపలి కప్పు, ముందు అద్దం లోపలి వైపు. ఆ గన్ మెరిసే లోహం మీద అబద్ధం చెప్తుంది, అక్కడ కాగితం టేపు ముక్క అంటించి దాని మీద కొట్టండి. గాలిని గన్‌తో కొలవలేరు, వంద రూపాయల డిజిటల్ థర్మామీటర్ తీగ చాలు. ఏసీ లోపలికి పీల్చే గాలి, వదిలే గాలి, బయటి యూనిట్ పీల్చే గాలి, ఈ మూడూ దాంతో చూడండి.

చివరిది అందరూ మర్చిపోతారు. వెనక పెట్టెలో యూనిట్ అన్నారు కదా, నాకు అనుమానం అక్కడే.

---

గాలిపటం | మే 6, మధ్యాహ్నం 3:05

బ్రో, నల్ల ఫిల్మ్ వేయించెయ్. సగం వేడి పోతుంది.

---

వేదిక నిర్వాహకులు | మే 6, మధ్యాహ్నం 3:40

గాలిపటం గారూ, నల్ల ఫిల్ములు వద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలన్నది మోటారు వాహనాల నియమం. దయచేసి ఇక్కడ అలాంటి సలహాలివ్వకండి.

---

చలిచీమ | మే 6, రాత్రి 8:10

ఫిల్మ్ అక్కర్లేదు, అద్దానికి బయట కప్పండి. లోపల కట్టే కర్టెన్ల మీద నేను చాలా డబ్బు తగలేశాను. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్‌కి తగిలి వేడిగా మారితే, ఆ వేడి మళ్లీ అద్దం దాటి పోదు, మనతోనే ఉంటుంది. అదే ముందు అద్దానికి బయట నుంచి తెల్ల కాన్వాస్ కప్పితే అద్దం దాకా ఎండే రాదు. నేను బేగంబజార్‌లో గుడ్డ కొని దర్జీతో కుట్టించాను. రెండు చివర్లు తలుపుల్లో ఇరికిస్తే గాలికి ఎగరదు.

---

ఉప్పల్‌వ్యాన్ | మే 10, రాత్రి 10:05

గన్, తీగ రెండూ కొన్నాను. నిన్న సెలవు పెట్టి ఇంటి ముందే ఎండలో బండి ఆపాను. మా ఆవిడ కిటికీలోంచి చూసి ఏమీ అనలేదు, అంటే చాలా అనుకుందని.

మధ్యాహ్నం 12:15. బయట గాలి 41. పైరేకు 69. ప్యానెళ్ల కింద నీడలో ఉన్న రేకు 46. లోపలి కప్పు ప్లైవుడ్ 51, ముందు అద్దం లోపల 58. ఏసీ పీల్చే గాలి 34, వదిలేది 28.

ఇక మేస్త్రిగారు చెప్పిన వెనక పెట్టె. బయటి యూనిట్ పీల్చే గాలి 54! బయట 41 ఉంటే ఇది 54 ఎలా అయింది? ఇంట్లో అగరుబత్తి వెలిగించి తెచ్చి ఫ్యాను జాలీ ముందు పట్టుకున్నాను. పొగ ఓ అడుగు దూరం బయటికి వెళ్లి, మెల్లగా వంకర తిరిగి, పెట్టె పక్క సందులోంచి మళ్లీ లోపలికే దూరింది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే.

---

డక్ట్‌మేస్త్రి | మే 10, రాత్రి 10:31

దొరికింది! మీ ఏసీ తన పొగ తనే పీలుస్తోంది అన్నా. పీల్చే గాలికి, వదిలే గాలికి 10 డిగ్రీల పైన తేడా రావాలి, మీకు 6 వస్తోంది. ఏసీ మీద రాసే 1 టన్ను బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచింది. 54 డిగ్రీల గాలి పట్టిస్తే చల్లదనం తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది. ఇదే పెట్టెలో టన్నున్నర పెట్టండి, ఇంకా ఎక్కువ వేడి కక్కుకుని ఇంకా ఎక్కువ పీలుస్తుంది. ఆ షెడ్డు ఆయన మంచివాడే కావచ్చు, కానీ పెట్టెలు చేసేవాళ్లు గాలి సంగతి చూడరు.

ఫ్యాను నోటికి, పెట్టె ముందు రేకుకి మధ్య ఉన్న సందు చుట్టూ రబ్బరు పట్టీ వేసి, జీఐ రేకుతో గూడులా మూసేయండి. వేడి గాలి నేరుగా బయటికి పోవాలి, పెట్టె లోపలికి చుక్క కూడా రాకూడదు. పీల్చుకోవడానికి అడుగున, పక్కన కన్నాలు కోయించి జాలీ వేయండి. సైలెన్సర్ గొట్టం ఎటుందో చూసుకుని దానికి దూరంగా కోయించండి. అలాగే యూనిట్ వెనక రెక్కల్లో మట్టి ఉంటుంది, పైపుతో మెల్లగా నీళ్లు కొట్టండి. ప్రెషర్ వాషర్ పెట్టకండి, రెక్కలు వంగిపోతాయి.

---

సోలార్‌పిన్ని | మే 11, ఉదయం 6:50

నువ్వు కొలిచిన రోజు చూశావా, మే 9. హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండే రోజులు ఏడాదికి రెండు. మే 9 ప్రాంతంలో ఒకటి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకొకటి. నీ నీడ నీకు కనిపించని రోజు. అంటే నీ కప్పుకి ఇంతకంటే ఘోరమైన పరీక్ష లేదు.

ఆ 69, 46 అంకెలు మళ్లీ చూడు. ఒకే రేకు, ఒకే ఎండ. ప్యానెల్ నీడ పడ్డ చోట 23 డిగ్రీలు తక్కువ. ప్యానెళ్లు ఫ్రేము మీద నాలుగు వేళ్ల ఎత్తులో ఉన్నాయి కాబట్టి కింద గాలి ఆడుతోంది. మన పెళ్లిళ్లకి వేసే చలువ పందిరి చేసేదీ అదే పని. మిగతా కప్పుకి కూడా పందిరి వేయి. తెల్ల రంగు వేసినా సగానికి పైగా ఎండ తిరిగి వెళ్లిపోతుంది. ఇళ్ల పైకప్పుల కోసం మన ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కదా, సూత్రం ఇదే.

---

వేదిక నిర్వాహకులు | మే 11, ఉదయం 9:15

రంగు మారిస్తే ఆర్సీలో నమోదు చేయించాలి. పైకప్పు వరకే అనుకున్నా ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి వేయించండి.

---

ఉప్పల్‌వ్యాన్ | మే 11, ఉదయం 9:50

తెల్ల రంగు మాట తమ్ముడి చెవిన వేశాను. సాయంత్రం మాట్లాడదాం అన్నాడు. ప్రస్తుతానికి పందిరే.

కప్పు లోపల ఫాయిల్ తీసేస్తే ఏం వేయాలి? థర్మోకోల్ చవక కదా?

---

చలిచీమ | మే 11, మధ్యాహ్నం 12:40

థర్మోకోల్ కథ నాది వినండి. మామూలు రబ్బరు గమ్ పూసి అంటించాం. పది నిమిషాల్లో షీటు చెక్కెరలా కరిగి గుంటలు పడింది. ఆ గమ్‌లో ఉండే ద్రావకం థర్మోకోల్‌ని తినేస్తుందని అప్పటికి తెలియదు. పైగా నిప్పంటుకుంటే కరిగి మంటతో కారుతుంది, దాని పక్క నుంచే వైర్లు వెళ్తాయి.

దాని తర్వాత గ్లాస్‌వూల్ వేయించాను. అది ఇంకో గుణపాఠం. డిసెంబరులో లంబసింగి వెళ్లాం. రాత్రి బయట 5 డిగ్రీలు, లోపల నలుగురం. తెల్లారేసరికి కప్పు నుంచి బొట్లు. మన ఊపిరిలోని తేమే చల్లటి రేకుని తాకి నీరవుతుంది. ఇద్దరు మనుషుల ఊపిరి నుంచే రాత్రికి అర లీటరు దాకా రావచ్చు. రెండేళ్ల తర్వాత కప్పు ప్లైవుడ్ విప్పితే గ్లాస్‌వూల్ తడిసి నల్లబడి, కుక్క తడిసిన వాసన. తీసి చూస్తే రేకు మీద నా అరచేయంత తుప్పు. వేలితో గీకితే పొరలు పొరలుగా రాలింది.

ఇప్పుడు నైట్రైల్ రబ్బరు షీటు వేయించాను, ఏసీ డక్టులకి చుట్టే నల్లది. 19 ఎంఎం, రెండు పొరలు. రేకుకి గాలి సందు లేకుండా అంటిస్తే తేమ చేరే చోటే ఉండదు.

---

డక్ట్‌మేస్త్రి | మే 11, రాత్రి 8:02

అక్కా, మా సరుకు గురించి బాగా చెప్పారు. ఒకటి కలుపుతా. గమ్ వేడికి తట్టుకునేది తీసుకోవాలి. 69 డిగ్రీల రేకు కింద మామూలు గమ్ మెత్తబడి, రెండో వేసవికి షీటు జారి నెత్తిన పడుతుంది. రేకు మీద దుమ్ము, నూనె తుడిచి, గమ్ రెండు వైపులా పూసి, చేతికి అంటనంత ఆరాక అతికించాలి.

ఇంకోటి, పక్కటెముకల్లాంటి ఇనుప బద్దీలను వదిలేయకండి. వాటి మధ్య రెండంగుళాల షీటు వేసి బద్దీల మీద ఖాళీగా వదిలితే వేడి ఇనుములోంచి నడిచి వస్తుంది. బద్దీల మీద కూడా ఒక పలచటి పొర లాగండి.

---

ఘాట్‌రోడ్డు | మే 12, ఉదయం 7:10

ఇదంతా చేసే ముందు పది రూపాయల పని ఒకటి చెప్పనా? ఎండలో ఉన్న బండిలోకి వెళ్లగానే ఏసీ వేయకండి. రెండు వైపుల తలుపులూ బార్లా తీసి ఐదు నిమిషాలు ఆగండి. 50 డిగ్రీల గాలిని ఉత్తినే బయటికి పంపొచ్చు, దాన్ని చల్లబరచడానికి బ్యాటరీ ఎందుకు? తర్వాత కూడా పరుపు, ప్లైవుడ్, గిన్నెలు వేడి కక్కుతూనే ఉంటాయి, అరగంట ఓపిక పట్టాలి.

---

గాలిపటం | మే 12, ఉదయం 11:30

చలి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. సెప్టెంబరులో లేహ్ వెళ్తున్నాం. వ్యాన్‌లో హీటర్ లేదు. ఊళ్లో నానమ్మ దగ్గర బొగ్గుల కుంపటి ఉంది, కిటికీ కొంచెం తీసి పెట్టుకుంటే సరిపోతుందా?

---

చలిచీమ | మే 12, ఉదయం 11:34

వద్దు నాన్నా, వద్దు. కుంపటి, గ్యాస్ స్టవ్, ఏదీ వెలిగించి పడుకోకు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. మత్తుగా ఉంది అనుకునే లోపు లేచే ఓపిక ఉండదు. బండి ఆపి ఇంజిన్ ఏసీ వేసుకుని నిద్రపోవడమూ అలాంటిదే.

డీజిల్ పార్కింగ్ హీటర్ అని ఉంటుంది. డీజిల్ మండేది హీటర్ లోపలే ఉండే మూసిన అరలో, పొగ గొట్టం బండి కిందకి పోతుంది, లోపలికి వచ్చేది వేడి గాలి మాత్రమే. 2 కిలోవాట్లది గంటకి పావు లీటరు లోపే తాగుతుంది. అయినా మంచం ఎత్తులో మోనాక్సైడ్ అలారం ఒకటి పెట్టాల్సిందే. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి పలచన కాబట్టి డీజిల్ సరిగా మండక మసి పడుతుంది. ఎత్తుకి సర్దుబాటు చేసుకునే సెట్టింగు ఉన్నదే కొను.

---

సోలార్‌పిన్ని | మే 12, రాత్రి 9:20

మన లంబసింగి, అరకు చలికైతే డీజిల్ హీటర్ కూడా అక్కర్లేదు. 1000 వాట్ల రాడ్డు హీటర్ మాత్రం పెట్టకండి, ఎనిమిది గంటలకి 8 యూనిట్లు, ఉప్పల్ తమ్ముడి రెండు బ్యాటరీల్లో కలిపి ఉన్నదే 5. హాట్ అండ్ కోల్డ్ ఇన్వర్టర్ ఏసీ అయితే ఒక యూనిట్ తిని దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. అన్నిటికంటే చవక, పరుపు మీద పరిచే కరెంటు దుప్పటి. 60, 80 వాట్లు. గదినంతా వేడి చేసే బదులు మనిషినే వేడి చేస్తుంది.

చలికి కూడా పైన చెప్పిన రబ్బరు షీటే కాపలా. అయితే కప్పు మీద చిన్న వెంటిలేటర్ మాత్రం రాత్రంతా వేలెడంత తీసి ఉంచాలి, లేకపోతే చలిచీమ గారి బొట్లే.

---

ఉప్పల్‌వ్యాన్ | మే 25, రాత్రి 10:48

వారం వారం ఒక్కో పని చేసి చూశాను. రబ్బరు షీటు పని ఇంకా మొదలుపెట్టలేదు, దానికి ప్లైవుడ్ అంతా విప్పాలి.

ముందు వెనక పెట్టె. కుషాయిగూడలో ఒక వెల్డరు రెండు గంటల్లో చేశాడు. యూనిట్ పీల్చే గాలి 54 నుంచి 43కి వచ్చింది. ఏసీ వదిలే గాలి 28 నుంచి 19కి! ఇంటి ముందు ఎండలో లోపల 30.5 దాకా దిగింది. తర్వాత ముందు అద్దానికి బయట కాన్వాస్, 29. ఆ తర్వాత నర్సరీలకి కట్టే ఆకుపచ్చ షేడ్‌నెట్‌ని కప్పు మీద పైపుల ఫ్రేముకి బిగించాం, రేకుకి నాలుగంగుళాల ఎత్తులో. 27.5.

ఇవాళ మళ్లీ సాగర్ వెళ్లి అదే చోట, అదే ఒంటిగంటకి ఆపాం. మూడు గంటల తర్వాత బ్యాటరీ 68 శాతం. మొదటి గంట ఏసీ 900 వాట్లు తింది, తర్వాత 400, 500 మధ్య ఆడింది. మధ్యాహ్నం ప్యానెళ్లు కూడా కొంత ఇచ్చాయి.

---

సోలార్‌పిన్ని | మే 25, రాత్రి 11:10

సంతోషం. రోజులు వేరు కాబట్టి ఒక్కో పనికి ఇన్ని డిగ్రీలని ఖాయంగా రాసుకోకు, కానీ పెట్టె వాటా పెద్దదన్నది స్పష్టం. షేడ్‌నెట్ ప్యానెళ్ల మీద పడకుండా చూసుకో. ఒక మూల చిన్న నీడ పడినా మొత్తం ప్యానెల్ దిగుబడి బాగా పడిపోతుంది.

---

ఘాట్‌రోడ్డు | మే 26, ఉదయం 6:55

నడిచేటప్పుడు నెట్ తీసేస్తున్నావా? శ్రీశైలం ఘాట్‌లో నాది ఒకసారి చిరిగి వెనక లారీ అద్దం మీద పడింది. ఆ డ్రైవర్ తిట్లు ఇంకా గుర్తున్నాయి.

---

ఉప్పల్‌వ్యాన్ | మే 26, ఉదయం 8:20

తీసేస్తున్నాం అన్నా. చుట్టి తాడు కడితే చాప కంటే చిన్నది.

---

గాలిపటం | మే 26, ఉదయం 9:02

బ్రో, ఆ పెట్టెకి కన్నాలు ఎంత సైజు కోయించావు? మా బండికీ అదే పెట్టె.

---

ఉప్పల్‌వ్యాన్ | మే 26, ఉదయం 9:30

అడుగున 18 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పుది ఒకటి. ఎడమ పక్క 12 పొడవు, 8 వెడల్పుది ఇంకోటి. కుడి పక్క సైలెన్సర్ ఉంది కాబట్టి వదిలేశాం. కోసే ముందు అగరుబత్తి పెట్టి చూసుకో, నీ బండిలో గాలి ఎటు తిరుగుతుందో.

---

డక్ట్‌మేస్త్రి | మే 26, మధ్యాహ్నం 2:15

అడుగు జాలీ నెలకోసారి విప్పి దులపండి. సాగర్ రోడ్డు మీద తిరిగితే పదిహేను రోజులకే.